ఆయన చూడని మ్యాచ్

నేను నవ్వితే ఆయన ఖాతరు చేసేవారు కాదు. మొహమాటానికి నవ్వేవాళ్లు చిక్కడపల్లిలో గల్లీకి నలుగురు దొరుకుతారు అనేవారు. ఆయనకు కావలసింది నా చెయ్యి ఆగడం. ఆయన చెబుతుంటే నేను టైపు చేస్తూ పోవాలి. ఏ మాట దగ్గర నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోతాయో ఆ మాట స్క్రిప్టులో ఉంటుంది. ఆగకపోతే, ఎంత మురిపెంగా రాసుకున్నదైనా సరే, "తీసెయ్ చెల్లె" అనేవారు.

అప్పట్లో నేను చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, కోచింగ్ సెంటర్ల నోట్సు, కిరాయి అగ్రిమెంట్లు, రోజూ ఇవే. ఆయన టీవీ కామెడీ షోలకు స్కిట్లు రాసేవారు. సినిమాలకూ కామెడీ సీన్లు రాశారు గానీ తెర మీద పేరు పడలేదు. చేతిరాత కోడి కెలికినట్టు ఉండేది కాబట్టి పక్కన స్టూలు వేసుకుని చదివి వినిపించేవారు. అత్తగారి గొంతు, అల్లుడి గొంతు, మధ్యలో కుక్కర్ విజిల్, అన్నీ ఆయనే. జిరాక్స్ కోసం వచ్చినవాళ్లు కాగితాలు చేతికొచ్చాక కూడా కదిలేవారు కాదు.

ఆయనకు రెండు నియమాలుండేవి. ఒకటి, మనిషి రంగు మీద, లావు మీద, కుంటితనం మీద జోకు వెయ్యకూడదు. "మనిషి చేసిన పనిని చూసి నవ్వాలె చెల్లె, మనిషిని చూసి కాదు" అనేవారు. రెండోది, ఒక మాట నిలబడాలంటే మూడుసార్లు రావాలి. "ఒక్కసారంటే మాట. రెండోసారంటే గుర్తు. మూడోసారి అన్నంక మనం అనే పనే లేదు, జనమే అంటరు." ఆ రెండు సూత్రాలూ నాకు వేదంలా అనిపించేవి. ఒకదానితో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు తగువు పడతాయని ఆయనకు తోచలేదు, నాకైతే అసలే తోచలేదు.

తర్వాత టీవీలో గాలి మారింది. మగవాళ్లకు చీరలు కట్టి చెంపలు వాయించే స్కిట్లు కావాలన్నారు. ఆయన రాయనన్నారు. గొడవేమీ పడలేదు, ఫోన్లు రావడం మానేశాయి, అంతే. ఆ ఏడాదంతా సాయంత్రాలు నారాయణగూడలో ఒక కాలేజీ గ్రౌండు పిట్టగోడ మీద కూర్చుని క్రికెట్ చూస్తూ గడిపారు. ఇంట్లో పరేషాన్ మొహం చూపించలేక అక్కడికి పోతున్నారని నాకు తెలుసు. అడగలేదు.

ఆ పిట్టగోడ మీదే ఆయనకు రెండో ఉద్యోగం దొరికింది. పక్కన కూర్చుని మ్యాచ్ చూస్తున్నాయన ఒక ఎఫ్ఎం స్టేషన్లో పనిచేస్తాడట. ఈయన గొణుగుడు వింటూ విరగబడి నవ్వి, మా సాయంత్రం స్పోర్ట్స్ షో చేసే మనిషి మానేశాడు, మీరు వస్తారా అని అడిగాడట. అప్పటికి ఆయనకు యాభై దాటింది. వెళ్లారు, ఒక్క షరతు మీద. అద్దానికి అవతల నేను కూర్చోవాలి.

"నాకు రేడియో తెల్వదు కదన్నా" అన్నాను.

"నాకు మాత్రం తెలుసా? చెయ్యి ఆపుడు తెలుసు కద నీకు. అది సాలు."

అలా డీటీపీ సెంటర్ వదిలి, కాల్స్ తీసుకోవడం, సౌండు పెంచడం, తగ్గించడం నెల రోజుల్లో నేర్చుకున్నాను. స్టేషన్లో పనిచేసే పిల్లలు ఇరవై రెండేళ్లవాళ్లు. మా ఇద్దరినీ చూసి అంకుల్ రేడియో, ఆంటీ రేడియో అని చాటున నవ్వుకునేవారు. వాళ్లను అనాల్సిన పని లేదు, మొదటి రోజు మేము అలాగే ఉన్నాం. రాతగాడి అలవాటు కొద్దీ ఆయన నలభై పేజీలు రాసుకొచ్చి గంటసేపు చదివారు. పేజీ తిప్పిన చప్పుడు ప్రతిసారీ మైకులో వినపడింది. చివరికి ఒక ఆటో డ్రైవరు ఫోన్ చేసి, "సార్, వార్తలు అయిపోయినయా, ఆటల షో ఎప్పుడు మొదలైతది?" అని అడిగాడు.

నా చెయ్యి ఆగింది. ఆయన అద్దంలోంచి అది చూశారు. ఆ నలభై పేజీలూ మడిచి కుర్చీ కిందికి తోసేసి, "ఇప్పుడే మొదలైతున్నది తమ్మీ. నువ్వే మొదలువెట్టు" అన్నారు. ఆ డ్రైవరు తన వీధిలో క్యాచ్ పట్టబోయి మురికికాలవలో పడిన కథ చెప్పాడు. మర్నాటి నుంచి ఆయన ముందు టేబుల్ మీద మంచినీళ్ల గ్లాసు తప్ప ఏమీ ఉండేది కాదు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆరు నెలల్లో ఆ పిల్లలే షో అయ్యేదాకా ఇంటికి పోకుండా అద్దం ఇవతల నిలబడి వినేవారు. ఆటో డ్రైవర్లు, విద్యానగర్ నుంచి రిటైరైన బ్యాంకు ఆఫీసర్లు, వంటింట్లోంచి ఫోన్ చేసే ఇల్లాళ్లు, అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండి సర్కారు పరీక్షలకు చదివే పిల్లలు. ఒకసారి మాట్లాడిన గొంతును ఆయన మరిచిపోయేవారు కాదు. "పోయినసారి మీ నాయనకు ఆపరేషన్ అన్నవ్, ఎట్లున్నడు?" అని అడిగి, ఆ తర్వాతే క్రికెట్‌లోకి వచ్చేవారు. ఇది ఎవరైనా చేయగలిగిందే. ఎవరూ చేయరు, అంతే.

అన్నిటికంటే ఆయన చేసిన గొప్ప పని షోలో చివరి పది నిమిషాలు. అందరూ ఇండియా టీము గురించి మాట్లాడేవాళ్లే. ఆయన మాత్రం ఆ పది నిమిషాలు మన ఊరి లీగు మ్యాచ్‌లకు ఇచ్చారు. కొబ్బరిపీచు మ్యాట్ పరిచి, మేకులు కొట్టి ఆడే మ్యాచ్‌లు. ఆదివారాలు స్వయంగా గ్రౌండుకు పోయి, చూసి వచ్చి, సోమవారం చెప్పేవారు. పేపర్లో ఒక్క ముక్క పడని కుర్రాళ్లు రేడియోలో తమ ఆట గురించి విని ఫోన్ చేసి మాట రాక ఊరికే ఉండిపోయేవారు.

ఒక్క ఆదివారం ఆయన పోలేదు. కవాడిగూడలో దగ్గరి బంధువుల పెళ్లి. ఆ రోజే ఒక డివిజన్ ఫైనల్. గెలిచిన జట్టు సెక్రటరీ స్కోర్‌షీటు ఫోటో తీసి పంపాడు. ఓడిన జట్టు నాలుగు పరుగుల తేడాతో ఓడింది. ఆ షీటులో వాళ్లిచ్చిన బైలు ఇరవై రెండు అని ఉంది. బ్యాట్‌కు తగలకుండా, కీపర్‌నూ దాటిపోయిన బంతికి వచ్చే పరుగు బై. ఆ పాపం లెక్కప్రకారం కీపర్‌దే.

సోమవారం ఆయన మైకులో అన్నమాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అందరికీ వికెట్ల వెనక కీపర్ ఉంటడు. వీళ్లకు ధర్మసత్రం ఉన్నది. ఏ బాల్ వచ్చినా రా నాయనా అని తలుపు తీసుడు, మర్యాదగ బౌండ్రీ దాక సాగనంపుడు."

నా చెయ్యి ఆగింది. చెయ్యి ఆగడమే కాదు, పొట్ట పట్టుకుని నవ్వాను. తర్వాతి కాల్ కలపడం మరిచిపోయాను కూడా. ఆయన కీపర్ పేరు ఎత్తలేదు, రంగూ రూపూ అనలేదు, ఆటనే అన్నారు. నియమం తప్పలేదనే అనుకున్నాం. మంగళవారం ఇంకో సందర్భంలో ధర్మసత్రం వచ్చింది. బుధవారం మళ్లీ వచ్చింది. గురువారం ఒక కాలర్ ఇండియా టీము కీపర్‌ను పట్టుకుని ధర్మసత్రం అన్నాడు. మేమిద్దరం అద్దానికి చెరో వైపు నుంచి బొటనవేళ్లు చూపించుకున్నాం. ఒక మాట ఊరి నోట్లో పడితే రాసినవాడికి అంతకు మించిన పండగ ఉండదు.

తర్వాత ఏడాది తిరిగేసరికి స్టేషన్ చేతులు మారింది, మాటలు తీసేసి పాటలు మాత్రమే వేస్తామన్నారు. ఆయన ఒక్కరోజు కూడా ఇంట్లో కూర్చోలేదు. అశోక్ నగర్‌లో ఒక జిరాక్స్ షాపు మీద మూడో అంతస్తులో గది కిరాయికి తీసుకుని, గోడలకు పాత పరుపులు ఆనించి, పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. వారానికి రెండు. పక్క బిల్డింగు కోచింగ్ సెంటర్లో సారు మైకు పెట్టి పాఠం చెబుతారు. పరుపులకు కూడా లొంగని గొంతు ఆయనది. కాబట్టి వాళ్లకు భోజనాలప్పుడే, అంటే ఒంటిగంట నుంచి రెండున్నర లోపే మా రికార్డింగు. ఒకసారి ఆలస్యమై ఒక కబడ్డీ క్రీడాకారిణి జీవితకథ మధ్యలోకి రాజ్యాంగం నాలుగో భాగం వచ్చి పడింది. వినేవాళ్లు అది కావాలనే పెట్టామనుకుని మెచ్చుకున్నారు.

అక్కడ ఆయన మరీ మంచి మనిషయ్యారు. రేడియోలో జోకుల తొందర ఉండేది, ఇక్కడ లేదు. ముప్పై ఏళ్లుగా పిచ్ మీద రోలర్ లాగిన మనిషిని, నలభై ఏళ్లు స్కోరు రాసిన పెద్దాయనను పిలిచి కూర్చోబెట్టి, వాళ్లు చెప్పేది వినేవారు. మధ్యలో అడ్డు రాని కామెడీ రైటరును నేను ఆయన్నొక్కరినే చూశాను.

అలా రెండేళ్లు గడిచాక ఒకరోజు పొద్దున పదకొండింటికి రికార్డింగుకు ముందు కిందికి దిగి, ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. హాస్టలు వాళ్లు నలుగురైదుగురు పుస్తకాలు చంకలో పెట్టుకుని చాయ్ తాగుతున్నారు. అటుగా ఒక పొడుగాటి అబ్బాయి పోతుంటే వాళ్లలో ఒకడు పిలిచాడు. "ఏ ధర్మసత్రం, ఇటు రా. చాయ్ తాగి పో."

ఆయన మొహం వెలిగిపోయింది. "చూసినవా చెల్లె, ఇంక నడుస్తున్నది మన మాట" అని నా చెవిలో అన్నారు. ఆ అబ్బాయి వచ్చి చాయ్ గ్లాసు అందుకోగానే ఉబ్బితబ్బిబ్బై అతని దగ్గరికే పోయారు. "తమ్మీ, మంచిగున్నది పేరు. ఎట్ల వచ్చింది?"

ఆ అబ్బాయి ఆయన మొహం చూడలేదు. గొంతు విన్నాడు. గ్లాసు బండి మీద పెట్టేశాడు. రేడియో మనుషుల మొహం ఎవరికీ తెలియదు, గొంతు మాత్రం నిద్రలో లేపినా పోల్చుకుంటారు.

"మీరే పెట్టిండ్రు సార్" అన్నాడు.

హాస్టలువాళ్లు ఒకరొకరే జారుకున్నారు. అతను కోపంగా ఏమీ లేడు. అదే నన్ను భయపెట్టింది.

"ఫైనల్‌కు మీరు వచ్చిండ్రా సార్?" అని అడిగాడు.

"రాలే. పెండ్లికి పోయిన."

"షీట్ చూసి చెప్పిండ్రా?"

"షీట్ చూసే చెప్పిన."

అప్పుడతను మెల్లగా చెప్పాడు. వాళ్లు బౌలింగ్ చేస్తుండగా మధ్యలో మ్యాట్‌కు ఒక చివర రెండు మేకులు ఊడిపోయాయి. మ్యాట్ మడత పడింది. బంతి ఆ మడత మీద పడితే కీపర్ తలమీదుగా పోతోంది. మ్యాట్ లాగి మళ్లీ మేకులు కొట్టమని తను రెండుసార్లు అడిగాడు. భోజనాలకు టైమవుతోంది, ఇంకో నాలుగు ఓవర్లే కదా, కానివ్వండి అన్నారు అంపైర్లు. ఇరవై రెండులో పద్దెనిమిది ఆ నాలుగు ఓవర్లలో పోయినవే. స్కోర్‌షీటులో బైలకు గడి ఉంటుంది. మడతకు గడి ఉండదు.

"తర్వాత ఆడలేదా?" అని నేను అడిగాను.

"ఒక సీజన్ ఆడిన అక్క. స్టంప్స్ వెనక నిలవడంగనే అటు టీమోళ్లు, ఇటు టీమోళ్లు అదే పిలుపు. క్యాచ్ పట్టినా అదే. మా ఊర్ల మా తమ్ముడు గూడ అదే అన్నడు. గ్లోవ్స్ రూంల సూట్‌కేస్ కింద వెట్టిన. గ్రూప్స్‌కు చదువుతున్న." ఈ నెలాఖరులో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ట్రయల్స్ ఉన్నాయనీ, వయసు ప్రకారం తనకు అదే ఆఖరి అవకాశమనీ, అయినా పోననీ చెప్పాడు. "మొదటి బాల్ మిస్సయితే సాలు సార్, ఆడ ఎవడో ఒకడు అంటడు. ఇగ నా చేతులు పనిచెయ్యయి."

ఆయన ఒక అడుగు ముందుకు వేశారు. "మా పాడ్‌కాస్ట్‌కు రా తమ్మీ. అందరు వినంగ నేను మాఫీ అడుగుత."

అతను తల అడ్డంగా ఊపాడు. "మాఫీ అడగాలన్నా ఆ పేరు మళ్ల చెప్పాల్నె కద సార్. మర్చిపోయినోళ్లకు గూడ యాదికొస్తది. వద్దు." గ్లాసు అలాగే వదిలేసి వెళ్లిపోయాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఆ రోజు దాని అర్థం మా ఇద్దరి ఎదుట నిలబడి మాట్లాడి వెళ్లింది. మేం మేడ మెట్లెక్కాం. రికార్డింగు కాలేదు. తర్వాతిదీ కాలేదు. ఆయన పరుపు గోడకు ఆనుకుని కూర్చుని కిందికి చూస్తుండేవారు.

"నా చెయ్యి గూడ ఆగింది కదన్నా. నేను గూడ నవ్విన" అన్నాను, ఉండబట్టలేక.

"నీ చెయ్యి ఆగుడు తప్పు గాదు చెల్లె. గది మంచి మాటే. నేను గ్రౌండ్‌కు పోకుండ నోరు తెరుసుడు తప్పు."

ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరుకునేవాళ్లు చాలామంది ఉంటారు మా లైనులో. నేను కూడా నాలుగు రోజుల్లో మరిచిపోయి ఉండేదాన్నేమో, ఉన్నమాట చెబుతున్నాను. ఆయన మరవలేదు. నాలుగోరోజు ఒంటిగంటకు మైకు ముందు కూర్చుని, "పెట్టు" అన్నారు. ఏం మాట్లాడతారో నాకు చెప్పలేదు.

"ఒక పంతులున్నడు" అని మొదలుపెట్టారు. "పెండ్లికి పోలే. పిల్లను చూడలే, పిలగాన్ని చూడలే. ఇంట్ల కూసొని శుభలేఖ చదివి, ఈ జంట కుదరలే అని మైకుల చెప్పిండు. జనం నవ్విండ్రు. ఆ కాగితం పంతులు ఎవరో కాదు, ఇప్పుడు మీతోని మాట్లాడుతున్న నేనే." ఆ తర్వాత జోకు లేకుండా చెప్పారు. తను చూడని ఒక మ్యాచ్ గురించి మూడు రోజులు మాట్లాడానని, షీటులో అంకె ఉంటుంది గానీ మ్యాట్ మడత ఉండదని, ఒక మనిషి ఆట ఆగిపోవడానికి తన నోరు కారణమని. ఏ మ్యాచో చెప్పలేదు. ఎవరో చెప్పలేదు. ఆ పాత మాట పొరపాటున కూడా నోట్లోంచి రానివ్వలేదు.

రెండో ఎపిసోడ్‌లో ఎవరో శ్రోత ఆయన విశ్లేషణను మెచ్చుకుంటూ పంపిన మెసేజ్ వినిపించి, "ఆగుండ్రి, చూసి చెప్తున్ననా, కాగితం పంతులు లెక్క చెప్తున్ననా, ముందుగాల అది అడుగుండ్రి" అన్నారు. మూడో ఎపిసోడ్ మొదలుపెడుతూనే, "నమస్తే, నేను మీ కాగితం పంతులు" అన్నారు.

అప్పటికి నాకు అర్థమైంది. రికార్డింగ్ ఆపేశాను. ఒళ్లు మండిపోయింది. "నీ పేరు నువ్వే ఖరాబ్ చేస్కుంటున్నవా అన్నా? ఇన్నేండ్లు కష్టపడ్డది ఇందుకేనా?"

"ఒక పేరు పోవాలంటే ఇంకో పేరు రావాలె చెల్లె" అన్నారు నింపాదిగా. "జనం నోరు ఖాళీగ ఉండది. దాంట్లకెల్లి ఒకటి తియ్యాలంటే అంతకంటె మంచిది ఇంకోటి పెట్టాలె. నాకు వచ్చిన పని ఇదొక్కటే."

నేను మళ్లీ ఆన్ చేశాను. కన్నీళ్లు తుడుచుకుంటూ ఆన్ చేశానని చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

మాట నిలబడింది. ఆయన కట్టిన మాట నిలబడకపోవడమా? పది రోజుల్లో మెసేజ్‌లన్నీ "నమస్తే కాగితం పంతులూ" అనే మొదలయ్యేవి. నారాయణగూడ మార్కెట్లో కూరగాయలావిడ "పంతులూ, వంకాయ చూసే కొంటున్నవా, చిట్టీ చూసి కొంటున్నవా" అని అడిగింది. పాత టీవీ స్నేహితులు ఆయన ఫోటో పెట్టి వీడియోలు చేసి ఎగతాళి పట్టించారు. లోకం తెలివైందని అనుకోను గానీ, నవ్వడానికి బతికున్న మనిషి ఎదురుగా దొరికితే పాత మాటను ఎవరు మోస్తారు? ఆయన అన్నిటికీ నవ్వారు. కొన్ని మాత్రం గుచ్చుకునేవి. ఆ రోజుల్లో నీళ్లు ఎక్కువ తాగేవారు.

ట్రయల్స్ వారం ఉందనగా మా నంబరుకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పేరు చెప్పలేదు. గొంతు నేను గుర్తుపట్టాను, ఆయన అంతకుముందే గుర్తుపట్టారు. "కాగితం పంతులు గారూ, గురువారం పొద్దుగాల గ్రౌండ్‌కు రాండ్రి. ఈసారి చూసి మాట్లాడుండ్రి."

ఏడు గంటలకే పోయాం. ఆయన బౌండరీ తాడు దగ్గర నేల మీద కూర్చున్నారు. ఎండెక్కింది. నేను గొడుగు ఇస్తే అడ్డం వస్తుందని పక్కన పెట్టేశారు. ఫోన్ నా చేతికిచ్చేశారు. చాయ్ తెస్తానంటే వద్దన్నారు. నాలుగు గంటలపాటు ఆ మనిషి వికెట్ల మీద నుంచి చూపు తిప్పలేదు.

ట్రయల్స్‌లో ఒక్కో కీపర్‌కూ వంతు వచ్చింది. మనవాడి వంతు మొదలైన రెండో ఓవర్లోనే ఒక బంతి చేతి కిందినుంచి జారి బౌండరీకి పోయింది. చెట్టుకింద కూర్చున్న కుర్రాళ్లలోంచి ఒకడు ఆ పాత మాట అననే అన్నాడు, గట్టిగా. అతని భుజాలు బిగుసుకోవడం ఇక్కడి నుంచే కనిపించింది.

పక్కవాడు వెంటనే అన్నాడు. "ఊకోరా, కాగితం పంతులు ఈడనే కూసున్నడు. ఇయ్యాల చూసి రాసుకుంటున్నడట." గుంపు మొత్తం ఇటు తిరిగి, నేల మీద చెమటలు కారుతూ కూర్చున్న ఆయన్ను చూసి గొల్లుమంది. ఆయన లేచి నిలబడి, పెళ్లిలో పంతుల్లా చేతులు జోడించి అందరికీ దండం పెట్టారు. ఇంకా నవ్వారు. వికెట్ల వెనక అతను కూడా ఇటు చూశాడు. భుజాలు వదులయ్యాయి. పెదవి ఒక పక్కకు లాగి నవ్వి, గ్లోవ్స్ ఒకదానికొకటి తట్టుకుని, మళ్లీ వంగి కూర్చున్నాడు. ఆ తర్వాత అతను పట్టినవి చూస్తుంటే నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ట్రయల్స్‌లో కొట్టకూడదని ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

సినిమా కథయితే లిస్టులో అతని పేరు మొదట ఉంటుంది. లేదు. రెండు నెలల తర్వాత లిస్టు వచ్చింది, అందులో అతని పేరు రాలేదు. రెండు సీజన్లు ఆట ఎందుకు లేదని అడిగారట. ఆ రోజు ఆయన "ఆ రెండు సీజన్లు నేను తిన్న" అని ఒక్కమాట అని, భోజనం డబ్బా మూత పెట్టేశారు. దాన్ని ఏ జోకూ బాగుచెయ్యలేదని ఆయనకూ తెలుసు. ఇప్పుడతను విద్యానగర్‌లో ఒక స్కూల్లో పిల్లలకు కోచింగ్ ఇస్తూ, ప్రతి ఆదివారం లీగులో ఆడుతున్నాడు.

కానీ నేను చెప్పదలచుకున్నది ట్రయల్స్ రోజు సంగతి. అందరూ సర్దుకుంటుండగా అతను గ్లోవ్స్ చంకలో పెట్టుకుని నేరుగా మా దగ్గరికి వచ్చాడు. నమస్కారాలేమీ లేవు.

"చూసిండ్రా సార్?"

"ఒక్క బాల్ విడువలే."

"ఎన్ని పోయినయ్?"

ఆ పిల్లవాడిని ఓదార్చే మాట ఏదో అంటారని నేననుకున్నాను. కామెడీ రాసినవాడికి తియ్యటి మాటలకు కరువా? కానీ ఆయన గొంతు సవరించుకుని, "రెండు పోయినయ్" అన్నారు. "రెండోది బ్యాట్స్‌మన్ అడ్డమొచ్చిండు, నీకు కనవడలే, ఎవడు ఆపడు. మొదటిది మాత్రం నీదే తప్పు తమ్మీ. తొందరగ లేచినవ్."

అతను ఒక్క క్షణం ఆయన కళ్లలోకి చూశాడు.

"అవు సార్. అది నాదే" అన్నాడు. తప్పు తనదని ఒప్పుకుంటూ ఒక మనిషి అంత హాయిగా నవ్వడం నేను ఇంకెక్కడా చూడలేదు.